దాచిన నివేదిక, చీలిన జనం: పశ్చిమ కనుమలు చెబుతున్న పాఠం

ఒక ఇంటిలో ఒకరికి జబ్బు చేసింది. వైద్యుడు వచ్చి పరీక్షించి, రోగమేమిటో, ఏ పథ్యం పాటించాలో, ఏ పనులు మానుకోవాలో వివరంగా రాసి ఇచ్చాడు. ఇంటిపెద్ద ఆ కాగితాన్ని ఎవరికీ చూపకుండా పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అడిగినవారితో "ఇంకా ఆలోచిస్తున్నాం, ఇప్పుడే చెబితే ఇంట్లో గందరగోళం రేగుతుంది" అన్నాడు. నాలుగు రోజులు గడిచేసరికి ఇంట్లో తలా ఒక మాట మొదలైంది. కాలు తీసేయమన్నాడట అని ఒకరు, ఇల్లు ఖాళీ చేయమన్నాడట అని మరొకరు. చివరకు కాగితం బయటపడినా దానిలో ఏముందో చదివే ఓపిక ఎవరికీ లేదు. అప్పటికే ఇల్లు రెండు వర్గాలైంది. రోగం మాత్రం ముదురుతూనే ఉంది.

పర్యావరణం విషయంలో మన దేశంలో ఇటువంటిదే జరిగింది. ఆ రోగి పేరు పశ్చిమ కనుమలు. ఆ కాగితం పేరు గాడ్గిల్ నివేదిక.

ఆ కొండలతో మనకేమి పని?

గుజరాత్ సరిహద్దు నుంచి కన్యాకుమారి వరకు ఆరు రాష్ట్రాలలో సుమారు 1,500 కిలోమీటర్ల పొడవున పశ్చిమ కనుమలు విస్తరించి ఉన్నాయి. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా తెచ్చే మేఘాలను ముందుగా ఎదుర్కొనేది ఈ కొండలే. తెలుగువారికి ఈ కొండలతో ఉన్న బంధం చిన్నది కాదు. గోదావరి త్ర్యంబకేశ్వరం వద్ద పుడుతుంది. కృష్ణ మహాబలేశ్వరం వద్ద పుడుతుంది. కర్నూలును ఆనుకుని పారే తుంగభద్ర కర్ణాటకలోని ఆ కొండలలోనే జన్మించింది. నాగార్జునసాగర్ కాలువ కింద నారు పోసే రైతు, విజయవాడలో కుళాయి తిప్పే ఇల్లాలు, రాజమండ్రిలో వుజూ చేసుకునే ముసలి తాత ఆ కొండల అడవులకు తెలియకుండానే రుణపడి ఉన్నారు.

2010 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ ఈ కొండల పరిస్థితిని పరిశీలించడానికి ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. ఆనాటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ అప్పుడు మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యులు. సంఘానికి అధ్యక్షులు ప్రసిద్ధ పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్. సుమారు ఏడాదిన్నర పాటు ఆ సంఘం కొండలు తిరిగింది, గ్రామస్తులను కలిసింది, శాస్త్రవేత్తలను సంప్రదించింది. 2011 ఆగస్టు 31న తన నివేదికను ప్రభుత్వం చేతిలో పెట్టింది.

అక్కడితో కథ ముగిసి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం మాకు కలిగేది కాదు. అసలు కథ అక్కడే ఆరంభమైంది.

తొమ్మిది నెలల మౌనం

నివేదిక అందేనాటికి పర్యావరణ శాఖకు మంత్రి మారారు. నివేదికను శాఖ బయటపెట్టలేదు. కేరళకు చెందిన ఒక సామాన్య పౌరుడు సమాచార హక్కు చట్టం కింద దాని ప్రతి ఇమ్మని దరఖాస్తు పెట్టుకున్నాడు. శాఖ నిరాకరించింది. నివేదిక ఇంకా తుది రూపు దిద్దుకోలేదని, రాష్ట్రాలతో సంప్రదింపులు జరుగుతున్నాయని, బయటపెడితే దేశపు శాస్త్రీయ, ఆర్థిక ప్రయోజనాలకు భంగం కలుగుతుందని కారణాలు చెప్పింది. ఇందుకు చట్టంలోని 8(1)(ఎ) నిబంధనను ఆసరాగా తీసుకున్నది. దేశ భద్రత, సార్వభౌమత్వం వంటి అతి సున్నితమైన విషయాల రక్షణకు ఏర్పరచిన నిబంధన అది. కొండలు, అడవులు, నీటి ఊటల గురించి రాసిన కాగితానికి ఆ కవచం తొడిగారు!

ఆ పౌరుడు ఊరుకోలేదు. కేంద్ర సమాచార కమిషన్‌ను ఆశ్రయించాడు. 2012 ఏప్రిల్‌లో కమిషనర్ శైలేశ్ గాంధీ ఆయన పక్షాన తీర్పు చెప్పారు. నిపుణుల సంఘం తన పని ముగించి సంతకాలు చేసి ఇచ్చిన తరువాత, ఆ సంఘం వరకు అది తుది నివేదికేనని, ప్రభుత్వం దానిని ఆమోదిస్తుందా లేదా అన్నది వేరే సంగతని స్పష్టం చేశారు. విధానాలు రూపుదిద్దుకునే దశలోనే ప్రజలకు సమాచారం అందాలని, అంతా నిర్ణయమైపోయాక తెలిసి ప్రయోజనమేమిటని ఆ తీర్పు సారాంశం.

శాఖ అప్పటికీ తలవంచలేదు. ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2012 మే 17న హైకోర్టు శాఖ పిటిషన్‌ను కొట్టివేసింది. ఆ తరువాత, మే 23న, నివేదిక శాఖ వెబ్‌సైటులో ప్రత్యక్షమైంది. ప్రజల ధనంతో, ప్రజల కోసం తయారైన ఒక పుస్తకం ప్రజల కంటపడడానికి దాదాపు తొమ్మిది నెలలు, ఒక కమిషన్ తీర్పు, ఒక హైకోర్టు తీర్పు అవసరమయ్యాయి.

నివేదికలో ఉన్నదేమిటి, ఊళ్ళో వినిపించినదేమిటి

గాడ్గిల్ సంఘం పశ్చిమ కనుమలన్నిటినీ పర్యావరణపరంగా సున్నిత ప్రాంతంగా భావించి, సున్నితత్వాన్ని బట్టి మూడు మండలాలుగా విభజించింది. మొదటి మండలంలో కొత్తగా పెద్ద ఆనకట్టలు వద్దన్నది, కొత్త గనులకు అనుమతులు వద్దన్నది, ఉన్న గనులను క్రమంగా మూసివేయమన్నది. ప్రభుత్వ భూమిని ప్రైవేటు పరం చేయవద్దన్నది. పురుగుమందుల వాడకాన్ని మొదటి మండలంలో ఐదేళ్ళలో, రెండవదానిలో ఎనిమిదేళ్ళలో, మూడవదానిలో పదేళ్ళలో మానిపించాలని, అందుకు రైతుకు ప్రభుత్వం తోడ్పడాలని సూచించింది. ఏ రైతునూ భూమి నుంచి వెళ్ళగొట్టమని అందులో లేదు. పైగా హద్దులపై తుది మాట గ్రామసభలదే కావాలన్నది సంఘం ఉద్దేశం. నివేదికను ఆయా రాష్ట్రాల భాషలలోకి అనువదించి గ్రామసభల ముందు పెట్టాలని గాడ్గిల్ చివరివరకు కోరుతూనే వచ్చారు.

గ్రామసభల ముందుకు ఆ పుస్తకం వెళ్ళలేదు. వదంతి వెళ్ళింది. "మన పట్టాలు పోతాయి, ఇళ్ళు కట్టుకోనివ్వరు, కొట్టానికి రంగు వేయాలన్నా అనుమతి కావాలి, చివరకు ఇదంతా అడవిగా మార్చి మనల్ని తరిమేస్తారు" అన్న మాట కేరళ కొండ జిల్లాల్లో దావానలంలా పాకింది.

ఆ రైతుల భయాన్ని తేలికగా తీసివేయడం న్యాయం కాదని మా అభిప్రాయం. ఇడుక్కి కొండలలో స్థిరపడిన వారిలో ఎంతోమంది 1940, 50 దశకాలలో, దేశంలో తిండిగింజల కరవు తాండవించిన రోజుల్లో, ప్రభుత్వం పిలుపు మేరకే కొండలెక్కి అడవి కొట్టి సేద్యం చేసినవారు, వారి సంతానం. అనేకులకు దశాబ్దాల పాటు పట్టాలు దక్కలేదు. 1961లో అయ్యప్పన్‌కోవిల్ ప్రాంతంలో ఇడుక్కి జలాశయం కోసం ఎన్నో కుటుంబాలను వర్షాకాలంలో లేవనెత్తి వేరేచోట దించివేశారు. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ నిరాహారదీక్ష చేయవలసి వచ్చింది. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న వారికి, తెలియని భాషలో వందలాది పేజీల పుస్తకమొకటి ఢిల్లీలో దాచిపెట్టి ఉందని తెలిస్తే ఏమనిపిస్తుంది? అందులో తమకు మేలు చేసే మాట ఉంటే దాచవలసిన పనేమిటని అనుకోరా? గోప్యత అనుమానానికి విత్తనం వేసింది. గనుల వారు, క్వారీల వారు, రిసార్టుల వారు దానికి నీరు పోశారు.

చీలిక

2012 ఆగస్టులో కేంద్రం అంతరిక్ష శాస్త్రవేత్త కస్తూరి రంగన్ అధ్యక్షతన మరొక సంఘాన్ని నియమించింది. 2013 ఏప్రిల్‌లో ఆ సంఘం నివేదిక ఇస్తూ, కనుమలలో 37 శాతాన్ని, అంటే సుమారు 60,000 చదరపు కిలోమీటర్లను మాత్రమే సున్నిత ప్రాంతంగా గుర్తించింది. తోటలు, పొలాలు, ఊళ్ళున్న భాగాన్ని చాలావరకు మినహాయించింది. గాడ్గిల్ నివేదికతో పోలిస్తే ఇది ఎంతో సడలించినదే. అయినా అప్పటికి మనసులు విరిగిపోయి ఉన్నాయి. 2013 నవంబరులో కేంద్రం దానిని అమలు చేసే ఉత్తర్వు ఇవ్వగానే కేరళ కొండ ప్రాంతాలలో హర్తాళ్ళు మొదలయ్యాయి. తామరశ్శేరిలో అటవీ కార్యాలయం మంటల్లో కాలిపోయింది. అధికార కూటమి, ప్రతిపక్ష కూటమి, మతసంస్థలు, రైతు సంఘాలు నివేదికను ఎవరు ఎక్కువగా వ్యతిరేకిస్తారన్న దానిలో పోటీపడ్డాయి.

ఈ కోలాహలంలో ఎదురీదిన వారు కొద్దిమందే. ఇడుక్కి పార్లమెంటు సభ్యుడు, కాంగ్రెస్ నాయకుడు పి.టి. థామస్ గాడ్గిల్ నివేదికను బహిరంగంగా సమర్థించారు. ఆయన బతికి ఉండగానే ఆయనకు ఉత్తుత్తి శవయాత్ర తీశారు. 2014 ఎన్నికల్లో ఆయనకు ఇడుక్కి టిక్కెట్టు దక్కలేదు. ఆ స్థానాన్ని నివేదిక వ్యతిరేక ఉద్యమం నిలబెట్టిన అభ్యర్థి వామపక్షాల మద్దతుతో గెలుచుకున్నారు. ఈ సంగతి మిగిలిన రాజకీయ నాయకులందరికీ బాగా అర్థమైంది. కొండల గురించి మాట్లాడితే పదవి పోతుందన్న మాట వారి మనసులో స్థిరపడింది.

ఆ తరువాత జరిగినదంతా వాయిదాల చరిత్ర. 2014 మార్చిలో మొదటి ముసాయిదా ప్రకటన వచ్చింది. గడువు తీరింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తీరింది. కేరళలో గుర్తించిన 13,108 చదరపు కిలోమీటర్లు 9,993 చదరపు కిలోమీటర్లకు తగ్గాయి. ఢిల్లీలో ప్రభుత్వం మారింది, తిరువనంతపురంలో ప్రభుత్వం మారింది, బెంగళూరులో ప్రభుత్వాలు మారాయి. ముసాయిదా మాత్రం ముసాయిదాగానే మిగిలింది. ఏ ఒక్క పార్టీనో తప్పుపట్టి తృప్తిపడే వీలు ఈ వ్యవహారంలో లేదు. నివేదికను దాచింది ఒక పార్టీ ప్రభుత్వం, వ్యతిరేకించింది అన్ని పార్టీలు, పదేళ్ళు నాన్చింది మరొక పార్టీ ప్రభుత్వం.

కొండ ఆగలేదు

మనుషులు వాదించుకుంటున్నంత కాలం వాతావరణం వేచి ఉండలేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అరేబియా సముద్రం వేడెక్కుతోంది. నెల రోజులపాటు నిదానంగా కురవవలసిన వాన రెండు రోజుల్లో కుమ్మరిస్తోంది. చెట్ల వేళ్ళు పట్టి ఉంచిన వాలు ఆ నీటిని కొంతవరకు తట్టుకుంటుంది. చెట్లు నరికి, రాయి తవ్వి, వాలును కోసి రోడ్డు వేసిన చోట మట్టి ఉబ్బి జారిపోతుంది.

2018 ఆగస్టు వరదలలో కేరళలో 400 మందికి పైగా మరణించారు. 2019 ఆగస్టు 8న మలప్పురం జిల్లా కవళప్పారలో కొండచరియ విరిగి 59 మంది, అదే రోజు వయనాడ్ జిల్లా పుత్తుమలలో 17 మంది బలయ్యారు. 2020 ఆగస్టులో ఇడుక్కి జిల్లా పెట్టిముడిలో 70 మంది తేయాకు కూలీలు, వారి బిడ్డలు మట్టిలో కలిసిపోయారు.

2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్ జిల్లా మేప్పాడి పంచాయతీలోని ముండక్కై, చూరల్‌మల గ్రామాలు నిద్రలో ఉండగానే కొండ కదిలింది. 250 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చాలియార్ నది శవాలను కిలోమీటర్ల కొద్దీ మోసుకెళ్ళి మలప్పురం జిల్లా నిలంబూర్ పరిసరాలలో ఒడ్డుకు చేర్చింది. ఎవరివో తెలియని దేహాలను, దేహభాగాలను పుత్తుమలలో వరుసగా ఖననం చేశారు. సమాధుల మీద పేర్లకు బదులు డి.ఎన్.ఎ. నమూనా సంఖ్యలు రాశారు. అన్ని మతాల పెద్దలు ఒకే చోట నిలబడి ప్రార్థించారు. అక్కడ మాత్రం ఎవరూ విడిపోలేదు.

మేప్పాడి ఉన్న వైత్తిరి తాలూకాను గాడ్గిల్ సంఘం పదమూడేళ్ళ ముందే అత్యంత సున్నితమైన మొదటి మండలంలో చేర్చింది. 1950 నుంచి 2018 వరకు వయనాడ్ జిల్లా తన అడవిలో 62 శాతం పోగొట్టుకుందని పరిశోధకులు లెక్కకట్టారు. వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ అనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఆనాటి ఒక్కరోజు వర్షాన్ని పరిశీలించి, వాతావరణ మార్పు వల్ల దాని తీవ్రత సుమారు 10 శాతం పెరిగిందని తేల్చింది.

ఇంత జరిగిన తరువాతైనా పాఠం నేర్చుకున్నారా? శవాలు ఇంకా వెలికితీస్తుండగానే పార్లమెంటులో వాదులాట మొదలైంది. ముందే హెచ్చరించామని కేంద్ర హోంమంత్రి అన్నారు. రెడ్ అలర్ట్ ప్రమాదం జరిగాకే వచ్చిందని కేరళ ముఖ్యమంత్రి బదులిచ్చారు. జులై 31న, అంటే కొండ విరిగిన మరునాడే, కేంద్రం ఆరవసారి ముసాయిదా ప్రకటించింది. ఆగస్టు 1న కేరళ విపత్తు నిర్వహణ యంత్రాంగం నుంచి ఒక ఉత్తర్వు వెలువడింది. శాస్త్రవేత్తలు మేప్పాడికి వెళ్ళరాదని, తమ అభిప్రాయాలను, అధ్యయన నివేదికలను పత్రికలకు చెప్పరాదని దాని సారాంశం. విమర్శలు చెలరేగడంతో ముఖ్యమంత్రి జోక్యం చేసుకుని ఆ రోజే దానిని ఉపసంహరింపజేశారు. అది సంతోషకరమే. అయినా, ఆపద రాగానే ఒక ప్రభుత్వ యంత్రాంగానికి తట్టిన తొలి ఆలోచనలలో తెలిసినవారి నోరు మూయించడం ఒకటన్న సంగతి మరువరానిది. అదే ఏడాది సెప్టెంబరులో కర్ణాటక మంత్రివర్గం కస్తూరి రంగన్ నివేదికను తిరస్కరించింది.

ఒక్క కేరళ సంగతే కాదు

2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణంలో ఇళ్ళ గోడలు బీటలు వారాయి. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఒక వివరం ప్రకటించింది. పన్నెండు రోజుల్లో ఆ పట్టణం 5.4 సెంటీమీటర్లు కుంగిందని దానిలో ఉంది. వెంటనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, ముందస్తు అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడవద్దని శాస్త్రీయ సంస్థలకు లేఖ రాసింది. ఆ వివరం వెబ్‌సైటు నుంచి మాయమైంది. వివిధ సంస్థలు తయారుచేసిన అధ్యయన నివేదికలు, వాటిని రహస్యంగా ఉంచవలసిన కారణమేదీ కనిపించడం లేదని ఉత్తరాఖండ్ హైకోర్టు అన్నాకే, సెప్టెంబరులో ప్రజలకు దక్కాయి. జోషీమఠ్ పాత కొండచరియల మట్టి మీద నిలిచి ఉందని, అక్కడ భారీ నిర్మాణాలు తగవని 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా సంఘం హెచ్చరించింది. ఆ హెచ్చరిక కూడా బీరువాలో నిద్రపోయింది.

ఇటువంటి గోప్యతకు పాలకులు చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ప్రజలు భయాందోళనకు గురవుతారు. ఈ వాదనలో కొంత నిజం ఉంటే ఉండవచ్చు. సగం తెలిసిన సంగతి గాభరా పెడుతుంది. అయితే గాభరాకు మందు మిగతా సగం చెప్పడం. గోడ బీటలు వారిన ఇంట్లో పడుకున్న తల్లికి తన ఇల్లు ఎంత కుంగిందో తెలియకూడదనడంలో దయ ఎక్కడుంది? ఆమె భయపడితే బిడ్డలను తీసుకుని బయటకు వెళుతుంది. ఆ భయం ఆమెకు రక్ష.

తెలిసిన సంగతి అమానత్

మదర్సాలో పిల్లలకు మేము మొదట నేర్పే విషయాలలో అమానత్ ఒకటి. ఇతరులు మన వద్ద ఉంచిన సొమ్మును భద్రంగా తిరిగి అప్పగించడమని పిల్లలు దానికి అర్థం చెబుతారు. కాస్త పెద్దయ్యాక మరో మెట్టు నేర్పుతాము: ఇతరుల ప్రాణానికి, హక్కుకు సంబంధించిన సత్యం మన చేతికి వస్తే అది కూడా అమానతే. దానిని దాచినవాడు సాక్ష్యం దాచినవాడితో సమానం. పదిమందికి సంబంధించిన పనిలో ఆ పదిమందితో మష్వరా చేయడం పెద్దరికానికి తొలి లక్షణం. ఈ కొలత మసీదు కమిటీకి ఎంత వర్తిస్తుందో మంత్రిత్వ శాఖకూ అంతే వర్తిస్తుంది.

సమాచారాన్ని ప్రజల చేతిలో పెడితే ఏమవుతుందో కూడా వయనాడ్‌లోనే కనిపిస్తుంది. కల్పెట్టలోని హ్యూమ్ పర్యావరణ కేంద్రం జిల్లా అంతటా రైతుల ఇళ్ళ వద్ద, తోటల వద్ద వర్షమాపకాలు పెట్టించింది. రైతులే రోజూ కొలిచి లెక్క పంపుతారు. ముండక్కై దుర్ఘటనకు ముందురోజే ఈ కేంద్రం ఆ ప్రాంతంలో వర్షపాతం ప్రమాద స్థాయిని దాటుతోందని జిల్లా యంత్రాంగాన్ని హెచ్చరించింది. ఆ హెచ్చరికకు తగినంత విలువ దక్కలేదు. ఒక మామూలు గొట్టం, ఒక కొలబద్ద, క్రమం తప్పని ఓ రైతు కలిస్తే ఎంతటి విజ్ఞానం సమకూరుతుందో మాత్రం లోకానికి తెలిసింది.

మనం చేయగలిగినది

ప్రియ పాఠకులారా! మన తెలుగు రాష్ట్రాలలోనూ దాగి ఉన్న హద్దులు ఎన్నో ఉన్నాయి. చెరువు పూర్తి నీటిమట్టం ఎంతవరకు వస్తుందో తెలియక, జీవితకాలపు పొదుపంతా పోసి ప్లాటు కొన్న కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. వాగు ఏ వీధి వరకు రాగలదో అధికారుల పటంలో ఉంటుంది, ఆ వీధివారికి తెలియదు. కూతురి పెళ్ళికి ముందు అల్లుడి గురించి నలుగురిని విచారించే మనం, ఇల్లు కొనే ముందు నేల గురించి కూడా విచారించాలి.

2005 నాటి సమాచార హక్కు చట్టం ఇందుకు మన చేతిలో ఉన్న సాధనం. కేంద్ర కార్యాలయాలకైతే పది రూపాయల రుసుముతో ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాస్తే చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన విషయమైతే 48 గంటలలోనే ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేయవచ్చు, ఆపైన సమాచార కమిషన్‌కు వెళ్ళవచ్చు. అడగకముందే ప్రభుత్వాలు తమంతట తాము వెల్లడించవలసిన విషయాలను ఆ చట్టంలోని 4వ నిబంధన వివరిస్తోంది. గాడ్గిల్ నివేదికను ఢిల్లీ బీరువా నుంచి బయటకు లాగింది ఏ పెద్ద పార్టీయో కాదు, ఆ తెల్లకాగితమే. చదువుకున్న మన బిడ్డలు బస్తీలో పదిమందికి ఇటువంటి దరఖాస్తులు రాసిపెడితే అది కూడా సేవే. ఊరి గ్రామసభ, పట్టణంలో వార్డు సభ జరిగినప్పుడు మన మగవారు, ఆడవారు వెళ్ళి కూర్చోవాలి, వరద పటం చూపమని అడగాలి.

మరొక మాట. ఏ నివేదికైనా వెలువడినప్పుడు దానిలో ఏముందో విచారించకముందే మన పార్టీవాళ్ళు ఏమంటున్నారని అడిగే అలవాటు మనలోనూ ఉంది. ఇడుక్కి రైతు మోసపోయింది అక్కడే. ఆయనకు పుస్తకం చూపిన వారు లేరు, నినాదం అందించిన వారు మాత్రం వందలమంది ఉన్నారు. విన్న ప్రతి మాటనూ నిర్ధారించుకోకుండా నలుగురికి పంపడం ఎంత హానికరమో ఫోన్లు చేతికొచ్చిన ఈ రోజుల్లో ప్రత్యేకించి చెప్పనవసరం లేదు.

ఆరవ ముసాయిదాకు కూడా రాష్ట్రాల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. మరో వర్షాకాలం వస్తుంది, కొండల మీద మేఘాలు కమ్ముకుంటాయి, ఆ నీరు కృష్ణలో, గోదావరిలో కలిసి మన గుమ్మాల ముందు నుంచే సముద్రానికి పోతుంది. ఆ నీటితో వచ్చే మేలులో మనకు భాగం ఉంది కనుక ఆ కొండవాలు మీద నిద్రించే కుటుంబాల క్షేమం గురించి అడగవలసిన బాధ్యతలోనూ మనకు భాగం ఉంది. తెలిసినవారు దాచకుండా చెప్పేలా, విన్నవారు విడిపోకుండా కలిసి ఆలోచించేలా అల్లాహ్ మన పాలకులకు, మనకు సద్బుద్ధి ప్రసాదించుగాక!